ఉద్యోగం వదిలి వంటలోకి దిగుదామనుకునేటోళ్ళకి, మన హన్మకొండ వరంగల్ లెక్కలో

మా కర్రీ పాయింట్ కి పార్శిల్ కోసం వచ్చేటోళ్ళల్ల వారానికి ఒక్కరన్నా అడుగుతరు, అన్నా మాకు ఆఫీసు పని మీద మనసు లేదు, వంటంటే పానం, ఉద్యోగం వదిలేసి ఇట్లాంటిదే పెడదామనుకుంటున్నం, ఎట్ల మొదలుపెట్టాలె అని. కవర్ కి రబ్బరు బ్యాండ్ వేసే టైంల చెప్పేంత చిన్న ముచ్చట కాదు గనక ఇక్కడ రాస్తున్న. నేను ప్రైవేట్ సేల్స్ ఉద్యోగం నుంచి ఇటు వచ్చినోణ్ణి, ఫైవ్ స్టార్ హోటల్ చెఫ్ ని కాదు, కాబట్టి ఇదంతా మన దగ్గర చిన్నగ పెట్టుకునేటోళ్ళ లెక్కలోనే ఉంటది. హైదరాబాద్ ల రెస్టారెంట్ పెట్టాలనుకునేటోళ్ళకి ఇది సరిపోదు.

ఒక్క మాట ముందుగాల. రాజీనామా అనేది ఇందులో ఆఖరి పని. చాలామంది అదే మొదటి పని అనుకుంటరు, కోపంల పేపర్ పడేసి తర్వాత ఏం వండాలె అని ఆలోచిస్తరు. మీకు నచ్చనిది ఉద్యోగమా లేకపోతే ఆ మేనేజరా అనేది కూడా చూస్కోండి, మేనేజర్ మారితే మీ బాధ పోయేటట్టుంటే వంట జోలికి రాకండి, ఎందుకంటే ఇక్కడ ప్రతి కస్టమరూ ఒక మేనేజరే.

ఏం వండాలె అని కాదు, ఎన్నింటికి లేవాలె

వంట అంటే ఇష్టం అని అందరంటరు గాని ఆ వంట మీ రోజుని ఎట్ల తింటదో ఎవరూ చూస్కోరు. నన్నడిగితే మెనూ కంటే ముందు టైం డిసైడ్ చేస్కోవాలె, ఎందుకంటే రుచి నేర్చుకోవచ్చు గాని మీ పానానికి పడని టైంల పదేళ్ళు పనిచేయలేరు.

టిఫిన్ సెంటర్ అయితే పొద్దున ఆరింటికి మొదటి ప్లేట్ పోవాలె, అంటే మూడున్నర నాలుగింటికి మీరు లేచి చట్నీ, సాంబార్ మొదలుపెట్టాలె, రాత్రి తొమ్మిదింటికే పండాలె, చుట్టాల ఫంక్షన్లు రాత్రిపూట ఉంటే మొహం చూపించి వచ్చుడే. దానికి తగ్గట్టు పదకొండింటికల్లా పొయ్యి ఆరిపోతది, మధ్యాహ్నం మొత్తం మీదే, చిన్న పిల్లలున్నోళ్ళకి ఇది మంచిగ సెట్ అయితది. కర్రీ పాయింట్ అయితే ఆరింటికి మార్కెట్, ఎనిమిదిన్నరకి పొయ్యిలు, పన్నెండు నుంచి రెండున్నర దాక తల ఎత్తే సందు ఉండదు, మళ్ళ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర, మధ్యల మూడు గంటలు పండుకోవచ్చు అనుకుంటరు గాని అది గిన్నెలు తోమించుడు, రేపటికి నానబెట్టుడుకే పోతది. మిర్చి బండి సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది, తక్కువ పెట్టుబడి, వానకాలం గిరాకి బాగుంటది గాని వాన మరీ కొడితే బండే ఉండదు. స్విగ్గీ, జొమాటో మీద నడిచే క్లౌడ్ కిచెన్ అంటే రాత్రి పదకొండు దాక, అది కూడా శని ఆదివారాలు ఇంకా ఎక్కువ. కేటరింగ్ సంగతి సరే సరి, మధ్యాహ్నం పెళ్ళి భోజనం అంటే రాత్రి ఒంటిగంటకే ఉల్లిగడ్డలు కోసుడు షురూ అయితది.

పిండివంటలు, తొక్కులు మాత్రం పగటి పని, ఇంట్లనే చేసుకోవచ్చు, ఉద్యోగం ఉండంగనే మొదలుపెట్టొచ్చు. అందుకే మొదటిసారి దిగేటోళ్ళకి నేను ఇదే చెప్త. కాకపోతే సంక్రాంతికి ముందు నెల, ఎండాకాలం మామిడికాయ టైంల రెండు చేతులు సరిపోవు.

ఉద్యోగం చేస్కుంటనే నేర్చుకునేది

ఇంట్ల నలుగురికి వండినోళ్ళు నలభై మందికి వండగలరు అనుకోవద్దు. మీ చేతి బగారా ఎంత మంచిగున్నా పది రెట్ల మందికి పది రెట్ల నీళ్ళు పోస్తే అది ముద్ద అయితది, ఎందుకంటే పెద్ద బగోనల బియ్యం మొత్తానికి పైన ఆవిరి పోయే జాగ తక్కువ. పైగా పెద్ద గిన్నె వేడిని చానా సేపు పట్టుకుంటది, మంట ఆపినంక కూడా లోపల ఉడుకుతనే ఉంటది, ఇంట్ల ఆపినట్టు మెత్తగయినంక ఆపితే అరగంటల అడుగుది పేస్ట్. మసాలా కూడా అంతే, లవంగం, దాల్చిన చెక్క లాంటివి మంది పెరిగినంత పెంచితే కారంగ, చేదుగ అయితది, కొంచెం తగ్గించే వేస్తరు మాస్టర్లు. ఇవి ఎక్కడా రాసి ఉండవు, మాస్టర్ పక్కన నిలబడి చూడాలె.

కాబట్టి మీకు తెలిసిన వంట మాస్టర్ ఎవరన్నా ఉంటే ఆదివారాలు, పెళ్ళిళ్ళ సీజన్ల ఆయనతో పోండి. పైసలు అడగకుండా పోండి, ఉల్లిగడ్డ కోసుడు, ఎల్లిగడ్డ పొట్టు తీసుడు, గంజులు మోసుడు, ఏదిస్తే అది చేయండి. ఎంటెక్ చదివి గిన్నెలు మోస్తవా అని ఒకరిద్దరు నవ్వుతరు, నవ్వనియ్యండి. మన కరీంనగర్ యాదమ్మ సంగతి తెలుసు గదా, 2022 జూలైల హైదరాబాద్ ల బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాలు అయినప్పుడు ప్రధానమంత్రికి తెలంగాణ వంటలు చేయమని ఆమెని పిలిచిండ్రు. ఏళ్ళ తరబడి ఫంక్షన్లల్ల పెద్ద పెద్ద బగోనల ముందు నిలబడ్డ చెయ్యి ఆమెది.

చదువుకుని రావాలనుకుంటే హైదరాబాద్ ల విద్యానగర్ వైపు ఐహెచ్ఎం ఉంది, గచ్చిబౌలిల నిథం ఉంది, బేగంపేటల కలినరీ అకాడమీ ఉంది, ఇవన్నీ హోటల్, వంట పని నేర్పే కాలేజీలు. పాతికేళ్ళ లోపు ఉండి హోటల్ లైన్ల పెద్ద ఉద్యోగం కావాలనుకుంటే అవి మంచివి. ముప్పై ఐదు దాటి, ఈఎంఐలు ఉండి, హన్మకొండల్నే ఏదన్నా పెట్టుకోవాలనుకునేటోళ్ళకి ఆ ఫీజు, ఆ టైం అంత అవసరం లేదని నా అభిప్రాయం. పల్లెటూరోళ్ళయితే ఎస్‌బీఐ వాళ్ళ ఆర్‌సెటి, అంటే స్వయం ఉపాధి ట్రైనింగ్ సెంటర్, హసన్‌పర్తిల ఉంది, ఉచితంగ ట్రైనింగ్ ఇస్తరు, ఏ బ్యాచ్ ఎప్పుడుందో పోయి అడగాలె.

ఈ నేర్చుకునే టైంలనే ఒకటి గమనించుకోండి. అదే వంకాయ కూర, అదే పప్పు, రోజూ, అదే ఉప్పుతో, జ్వరం ఉన్నా, ఇంట్ల కొట్లాట అయినా, ఒకే రుచి రావాలె. కొత్త కొత్త వంటలు ట్రై చేసుడంటేనే మీకిష్టం అనుకో, ఈ పని మీకు ఆరు నెలల్ల బోర్ కొడుతది, మీరు వంటల వీడియోలు చేసుకోవడమో, వంట క్లాసులు చెప్పుకోవడమో మంచిది. అదే కూరని వందోసారి వండుతున్నప్పుడు కూడా నిన్నటికంటే పోపు ఇయ్యాల మంచిగ కుదిరింది అని లోపల సంబరం అనిపించేటోళ్ళు మాత్రం ఈ లైన్ల నిలబడతరు.

ఒక్కటి పట్టుకోండి

బోర్డు మీద చైనీస్, తందూరి, మండీ, సౌత్ ఇండియన్ అని అన్నీ రాసుడు మానేయండి. మండీ హోటళ్ళు ఇప్పటికే సందుకొకటి ఉన్నయి, ఇంకొకటి ఎందుకో నాకయితే అర్థం కాదు. నిజామాబాద్ జిల్లా అంకాపూర్ చూడండి, ఒక ఊరు ఊరంతా దేశి కోడి కూరతోనే పేరు తెచ్చుకుంది, ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తే కోడిని కోసి వండి అన్నంతో సహా కట్టిస్తరు, జనం కార్లు వేస్కొని పోతరు. మెనూ ఏముంది అక్కడ?

మీరు ఎక్కడ పెడుతున్నరు అనేదాన్ని బట్టి ఆ ఒక్కటి ఏందో తేలుతది. యూనివర్సిటీ క్రాస్ రోడ్, భీమారం, ఎన్ఐటీ వైపు చదువుకునే పిల్లలకి రేటు తక్కువుండాలె, అన్నం ఎక్కువుండాలె, గుడ్డు ఉండాలె, అంతే, అక్కడ చింతచిగురు మటన్ పెట్టి మంచి రుచి అని చెప్తే ఎవడూ కొనడు. ఎంజీఎం ఆస్పత్రి చుట్టుపక్కల పేషెంట్ల తోటి వచ్చినోళ్ళు ఉంటరు, వాళ్ళకి కారం తక్కువ పప్పుచారు, పెరుగన్నం, జావ, ఇడ్లీ కావాలె, చాలామంది ఈ సంగతి పట్టించుకోకుండా అక్కడ కూడా బిర్యానీయే పెడతరు. బాలసముద్రం, నక్కలగుట్ట, సుబేదారి లాంటి కాడ ఇద్దరూ ఉద్యోగం చేసే ఇండ్లు ఎక్కువ, వాళ్ళు అన్నం ఇంట్ల పెట్టుకుంటరు, కూరలే కొంటరు, వాళ్ళకి నూనె తేలకుండా ఇంటి కూర లెక్క ఉండాలె. జొన్న రొట్టె కూడా ఇప్పుడు షుగర్ ఉన్నోళ్ళ వల్ల మస్తు నడుస్తుంది, రొట్టె చేతితో కొట్టే ఆమె దొరికితే సగం వ్యాపారం అయినట్టే, ఆమెని జీతం కాడ ఏడిపించకండి.

పిండివంటల లైన్ అనుకుంటే సకినాలు. ఇది మన దగ్గర చిన్న మార్కెట్ కాదు, సంక్రాంతికే కాదు, బిడ్డకి సారె పెట్టేటప్పుడు, శ్రీమంతాలకి, అమెరికాల ఉన్న పిల్లలకి పంపేటందుకు ఏడాదంత అడుగుతరు, చేసే చేతులు మాత్రం ఇండ్లల్ల తగ్గిపోయినయి. కొత్త బియ్యం తీస్కోవాలె, పాత బియ్యంతో చుట్టేటప్పుడు తెగుతది. రాత్రంత నానబెట్టి, నీళ్ళు వాడ్చి, తడి ఉండంగనే గిర్నికి తీస్కపోవాలె. పొడి పిండి పట్టే గిర్నిల తడి బియ్యం వేయనియ్యరు, తడి పిండి పట్టే గిర్ని వేరే ఉంటది, అది మీ ఇంటికి దగ్గర ఉందో లేదో ముందే చూస్కోండి, వినడానికి చిన్నగనే ఉంటది గాని రోజూ ఆటో కిరాయి అక్కడే పోతది. నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలిపినంక పిండి ఆరొద్దు, తడి గుడ్డ కప్పాలె. బట్ట మీద చుట్టినంక కొంచెం ఆరాలె, మరీ ఎండిపోతే నూనెల విరుగుతయి, పచ్చిగుంటే చేతికి రావు, పేలుతయి కూడా, మొహం దూరం పెట్టుకోండి. చుట్టే ఆమెకి కిలో లెక్కన కూలి మాట్లాడుకోండి. అమెరికా పార్శిల్ అంటే విరుగుడే పెద్ద సమస్య, గట్టి డబ్బాల నిలువుగ పేర్చి సందులల్ల పేపర్ కుక్కాలె, అయినా కొన్ని విరుగుతయి, ఆ మాట ముందే చెప్పి అమ్మండి.

తొక్కులు, కారాలు చేసేటోళ్ళకి మన జాగనే పెద్ద లాభం, మిర్చి వచ్చే ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉంది. రంగుకి చపాటా మిర్చి, కారానికి తేజ మిర్చి, రెండూ కలిపి పట్టిస్తేనే తొక్కు ఎర్రగ ఉంటది, నోరు కూడా మండదు. మన చపాటా మిర్చికి 2025ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అనే ముద్ర, కూడా వచ్చింది, మీ లేబుల్ మీద వరంగల్ చపాటా మిర్చి కారం అని రాసుకుంటే అమ్ముడుపోతది, రాసినప్పుడు నిజంగ అదే వాడండి మరి. ఏడాదికి సరిపోయే మిర్చి, చింతపండు ఎండాకాలం ముందే, పంట వచ్చినప్పుడే కొని ఎండబెట్టి పెట్టుకోవాలె, వానకాలంల కిరాణంల కిలో లెక్కన కొంటే మిగిలేదేం ఉండదు. పప్పులు, నూనెలు బీట్ బజార్ల హోల్‌సేల్ రేటు చూస్కోండి.

పైసల లెక్క

ఇక్కడ కొంచెం ఓపిగ్గ చదవండి. అమ్మేటిది 40 రూపాయల కూర ప్యాకెట్ అనుకుందాం. కూరగాయలు, నూనె, మసాలా, ప్యాకింగ్ అన్నీ కలిపి 16 పడితే ప్యాకెట్ మీద 24 మిగులుతది. షాప్ కిరాయి 12 వేలు, ఒక హెల్పర్ 15 వేలు, గ్యాస్ 8 వేలు, కరెంట్ 3 వేలు, చిల్లర 4 వేలు, మొత్తం 42 వేలు అనుకో. మీ ఇల్లు నడవాల్నంటే 30 వేలు కావాలె అనుకో. 72 వేలు. దాన్ని 24తోటి భాగిస్తే నెలకి 3000 ప్యాకెట్లు, నెలకి 26 రోజులు తెరిస్తే రోజుకి 115 పైన. ఈ అంకెలు ఊహకే, మీ ఏరియా కిరాయి మీకు తెలుసు, మీ అంకెలు పెట్టి ఇదే లెక్క చేయండి. రోజుకి 115 మంది అంటే ఎంత మందో తెలియాల్నంటే మీరు పెట్టాలనుకునే సందుల ఇప్పటికే ఉన్న కర్రీ పాయింట్ ఎదురుంగ చాయ్ తాగుకుంట మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుని లెక్కపెట్టండి. నాలుగైదు వేరే వేరే రోజులు కూర్చోండి, ఒక్క ఆదివారం చూసి గిరాకి ఉందని అనుకోవద్దు.

దానికి అమ్ముడుపోకుండ మిగిలేది కూడా కలుపుకోవాలె. రోజుకి 13 ప్యాకెట్లు అమ్ముడు కాకపోతే 16 చొప్పున 208 రూపాయలు, నెలకి 5,400 పారబోసినట్టే. మొదట్ల అందరికీ మిగులుతది, దాన్ని తెల్లారి వేడి చేసి అమ్మాలనే ఆలోచనే పెట్టుకోవద్దు, ఒక్కసారి వాసన వచ్చిందంటే ఆ ఇంటోళ్ళు మళ్ళ రారు, వాళ్ళ పక్కింటోళ్ళు కూడా రారు. రెండింటికల్లా అయిపోయేటట్టు కొంచెం తక్కువ వండుడే మంచిది, అయిపోయింది అన్నా అని చెప్తే కస్టమర్ రేపు ముందే వస్తడు.

సరుకుల ఖర్చు అమ్మే రేటుల మూడో వంతు నుంచి నలభై శాతం లోపల ఉండేటట్టు చూస్కోండి. యాప్ ల మీద అమ్మితే వాళ్ళ కమిషన్ పావు వంతు దాక పోవచ్చు, కాబట్టి షాప్ రేటే అక్కడ పెడితే మీరు ఫ్రీగ వండి పెట్టినట్టు. మంచి సంగతి ఏందంటే 2022 జనవరి నుంచి యాప్ ఆర్డర్లల్ల రెస్టారెంట్ ఫుడ్ మీద జీఎస్టీ ఆ కంపెనీలే కడుతున్నయి. మీ కౌంటర్ అమ్మకాలకి మాత్రం ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటుతుందా చూస్కొని ఆడిటర్ ని అడగండి.

కేటరింగ్ లెక్క వేరే. కిలో బియ్యం ఎనిమిది నుంచి పది మందికి అని ఒక అందాజ, గాని మన దిక్కు మటన్ ఉంటే అన్నం ఎక్కువ లేస్తది. ప్లేట్ రేటు మాట్లాడేటప్పుడు అడ్వాన్స్ సగం తీస్కోండి, మిగతాది భోజనాలకి ముందే, మొహమాటపడితే అయిపోయినంక వాళ్ళ బావమరిది వచ్చి ఉప్పు తక్కువైంది అని బేరం పెడతడు. చుట్టాలకి కూడా ఇదే రూల్, చుట్టాలకే ముఖ్యంగ.

క్యాలెండర్ గోడకి పెట్టుకోండి

మన దగ్గర గిరాకి తారీఖుల మీద కాదు, తిథుల మీద నడుస్తది. ఆదివారం, బుధవారం మాంసం పోతది, సోమవారం, గురువారం, శనివారం ఎవరో ఒకరికి ఒక్కపొద్దు ఉంటది, కూర తగ్గించాలె. శ్రావణం, కార్తీకం మొత్తం చాలా ఇండ్లల్ల నీసు బంద్, కార్తీకం నుంచే అయ్యప్ప మాలలు మొదలై సంక్రాంతి దాక నడుస్తయి, నాన్‌వెజ్ ఒక్కటే నమ్ముకున్నోళ్ళు ఆ రెండు మూడు నెలలు కష్టపడతరు. దానికి ఎదురు, స్వాముల భిక్షలకి ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ లేకుండా వండేటోళ్ళు కావాలె, వేరే గిన్నెలు పెట్టుకోగలిగితే అది మంచి పని. ఆషాఢంల, పుష్యంల, మూఢం ఉన్నప్పుడు పెళ్ళిళ్ళు ఉండయి, కేటరింగ్ వాళ్ళకి జీతాలు ఇచ్చుడే కష్టం, ఆషాఢంల బోనాల విందులు కొంచెం ఆదుకుంటయి. దసరా పండుగ మన తెలంగాణల మటన్ పండుగ, దానికి ముందు సద్దుల బతుకమ్మకి పెరుగు, పులిహోర, నువ్వుల సద్దులు ఆర్డర్ చేసేటోళ్ళు ఏడాదికేడాది పెరుగుతున్నరు, మలీద ముద్దలు కూడా. రంజాన్ల సాయంత్రం గిరాకి హలీం దిక్కు పోతది, మిర్చి బండికి దెబ్బ. రెండేళ్ళకోసారి మేడారం జాతర, ఆ వారం ములుగు రోడ్డు మీద అన్నం దొరకదు అన్నంత జనం, గాని మీ హెల్పర్లు కూడా జాతరకే పోతరు, అది యాది పెట్టుకోండి.

కాగితాలు

ఫుడ్ లైసెన్స్ లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకండి, ఇంట్ల నుంచి వాట్సాప్ మీద అమ్మినా సరే. ఫోస్కాస్ అనే వెబ్‌సైట్ ల మీరే అప్లై చేస్కోవచ్చు, చిన్నగ చేసేటోళ్ళకి బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోతది, ఫీజు వందల్లనే ఉంటది, మధ్యల ఏజెంట్ అడిగే వేలు అవసరం లేదు. 14 అంకెల నంబర్ వస్తది, బిల్లు మీద, లేబుల్ మీద అది ఉండాలె. షాప్ పెడితే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్ రిజిస్ట్రేషన్. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్ తోటి ఫ్రీగ అయితది, లోన్ కి పోయినప్పుడు అడుగుతరు. ఇంటి సిలిండర్ షాప్ ల పెట్టొద్దు, 19 కిలోల కమర్షియల్ దే వాడాలె, కరెంట్ మీటర్ కూడా కమర్షియల్ కేటగిరీకి మార్పించుకోండి, షాప్ ఓనర్ ఏం కాదులే అంటడు, తనిఖీల దొరికితే జరిమానా కట్టేది మీరు.

లోన్ కావాల్నంటే కేంద్రం వాళ్ళ ముద్ర స్కీం ఉంది, శిశు కింద 50 వేల దాక, కిశోర్ కింద 5 లక్షల దాక, తాకట్టు లేకుండ. తొక్కులు, పొడులు, సకినాలు తయారు చేసేటోళ్ళకి 2020ల మొదలైన పీఎంఎఫ్ఎంఈ స్కీం కింద 35 శాతం, గరిష్టంగ 10 లక్షల సబ్సిడీ, హోటల్ కి అది రాదు. ఇప్పుడు అప్లికేషన్లు తీస్కుంటున్నరా లేదా అనేది జిల్లా పరిశ్రమల కేంద్రంల అడిగి పోండి. సబ్సిడీ వస్తదని లెక్కేసుకొని మిషన్లు కొనకండి, వచ్చినంక వచ్చినట్టు.

శుభ్రత గురించి తెలిసినోళ్ళకే చెప్పినట్టుంటది గాని మూడు మాటలు. వండిన కూర అయితే 60 డిగ్రీల పైన వేడిగ ఉండాలె, లేకపోతే 5 డిగ్రీల లోపు చల్లగ ఉండాలె, మధ్యల గంటల తరబడి పెట్టిందే పాడయితది, అన్నం కూడా అంతే, అన్నం ఏం కాదు అనుకోవద్దు. కాగిన నూనె మళ్ళ మళ్ళ వాడేదానికి 2018 జూలై నుంచి రూల్ ఉంది, టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె కాగిన కొద్దీ అందుల పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే పారేయాలె, నల్లగయి నురగ వస్తుందంటే ఆ హద్దు దగ్గరికి వచ్చినట్టే. మిర్చీలు న్యూస్ పేపర్ల కట్టొద్దు. పచ్చి గుడ్డు మయోనైజ్ జోలికి పోవద్దు, 2024 అక్టోబర్ల మన రాష్ట్రంలనే దాని మీద ఏడాది నిషేధం పెట్టిండ్రు.

ఇంట్ల చెప్పుడు

ఇది అన్నిటికంటే కష్టం. బాపుకి ప్యాషన్, డ్రీమ్ అని చెప్తే ఆయనకి వినిపించేది ఒక్కటే, నెలకి వచ్చే జీతం బంద్ అయితుందని. పెండ్లి కానోళ్ళకి అయితే హోటల్ పెట్టుకున్నోడికి పిల్లనెవరిస్తరు అనే మాట ఖాయం. వాదన పెట్టుకోవద్దు. ఉద్యోగం చేస్కుంటనే శని ఆదివారాలు ఆర్డర్లు తీస్కొని, సరుకుల చీటీలు, వచ్చిన పైసలు ఒక నోట్‌బుక్ ల రాసి ఆ బుక్కు ముందు పెట్టండి. సంపాదన చూసినంక మాట మారుతది, వెంటనే కాకపోయినా మారుతది. ఆడోళ్ళ విషయంల ఇంకో తకరారు, ఇంట్ల ఎట్లాగూ వండుతవు గదా దానికి ఉద్యోగం ఎందుకు వదిలేసుడు అంటరు, అమ్మే వంటకి వేరే గ్యాస్, వేరే గిన్నెలు, వేరే టైం పెట్టుకోండి అక్కా, లేకపోతే ఇంటోళ్ళ టిఫిన్, ఆర్డర్ రెండూ మీ నెత్తి మీదనే పడి రెండు నెలల్ల విసుగొస్తది.

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంక్ ల పక్కకి ఉండాలె, షాప్ పెట్టుబడి దానికి వేరే. ఈ రెండిటిని కలిపి ఒకటే అకౌంట్ ల పెట్టినోళ్ళు, ఫ్రిజ్ కొనుడుకి పిల్లల ఫీజు తీసి మళ్ళ పెడదాం అనుకుంటరు. పెట్టరు.

పేపర్ పెట్టే ముందు

పర్మనెంట్ ఉద్యోగులకి గ్రాట్యుటీ రావాల్నంటే 5 ఏళ్ళు నిండాలె, మీకు నాలుగు ఏళ్ళు దాటి కొన్ని నెలలే తక్కువ ఉంటే ఆగండి, ఆ పైసలు ఒక మంచి గ్రైండర్, డీప్ ఫ్రీజర్ కి వస్తయి. పీఎఫ్ 5 ఏళ్ళ సర్వీస్ నిండకముందు తీస్తే టాక్స్ పడుతది, అసలు అవసరం లేకపోతే ముట్టుకోకండి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఆఖరి రోజుతోనే పోతది, ఉద్యోగం ఉండంగనే ఇంటిల్లిపాదికి సొంత పాలసీ తీస్కోండి, బీపీ, షుగర్ లాంటి ముందు నుంచి ఉన్న జబ్బులకి 3 ఏళ్ళ దాక వెయిటింగ్ పెట్టొచ్చు కాబట్టి ఎంత తొందరగ తీస్కుంటే అంత మంచిది. ఇంటి లోన్, క్రెడిట్ కార్డ్ లాంటివి ఏమన్నా కావాల్నంటే శాలరీ స్లిప్ ఉన్నప్పుడే చూస్కోవాలె, వ్యాపారం మొదలైనంక బ్యాంకోళ్ళు రెండు మూడేళ్ళ ఐటీ రిటర్నులు అడుగుతరు. అట్లని షాప్ కోసం పర్సనల్ లోన్ మాత్రం తీయకండి, దాని వడ్డీకి కూరల మీద లాభం చాలదు.

ఎప్పుడు వదలాలె అంటే, శని ఆదివారాల ఆర్డర్ల మీద వరుసగ కొన్ని నెలలు మీ జీతంల సగమన్నా మిగులుతున్నప్పుడు, ఇంక ఆర్డర్లు వాపస్ పంపాల్సి వస్తున్నప్పుడు. పిల్లల గిరాకి నమ్ముకున్న షాప్ అయితే కాలేజీలు తెరిచే జూన్ జూలైకి షట్టర్ లేచేటట్టు వెనకకి లెక్కేసి నోటీస్ పీరియడ్ చూస్కోండి, ఏప్రిల్ల తెరిస్తే హాస్టళ్ళు ఖాళీ. పిండివంటలు అయితే దసరా లోపు బయటికి రావాలె, దసరా, దీపావళి, సంక్రాంతి మూడూ దొరుకుతయి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్ రెండూ తీస్కొని భద్రంగ పెట్టుకోండి, మేనేజర్ ని తిట్టి రాకండి, రేపు వాళ్ళ ఆఫీసు పార్టీకి ప్లేట్ల ఆర్డర్ ఇచ్చేది ఆయనే కావచ్చు. ఇంకొకటి, ఈఎంఐలు నెల మొదట్ల కట్ అయ్యేటట్టు ఉంటే బ్యాంక్ కి పోయి తారీఖు మార్చే వీలుందా అడగండి, జీతం ఒకటో తారీఖున పడుతది గాని కేటరింగ్ పైసలు ముహూర్తాలు ఉన్నప్పుడే వస్తయి.